రూపాయి గారికి ఒక గుజ్జు ఫ్యాక్టరీ గుమస్తా అర్జీ

మహారాజశ్రీ రూపాయి గారి సముఖానికి,

చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఇరవై ఆరేళ్లు లెక్కలు రాసి ఇంటికొచ్చేసిన గుమస్తా నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ గనక రాశాను గానీ, మన విషయంలో ఉభయులూ ఒకేసారి కుశలంగా ఉన్న సంవత్సరం నా సర్వీసులో ఒక్కటీ తగల్లేదు. మీకు క్షేమమైతే మాకు క్షామం.

ఇంకో మాట. ఈ "మీరు", "గారు" నేనిక సాగదీయలేను. చిన్నప్పుడు నిక్కరు జేబులో వేసుకుని తిరిగినదానివి. గంగజాతరలో నిన్ను పారేసుకుని మా నాయన చేత వీపు విమానం మోత మోగించుకున్నాను. అంత చనువుంది మనకు. నువ్వనే అంటాను. కోపమొస్తే ఇంకో పది పైసలు బలపడతావు, అంతేగా.

టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో "డాలరుతో పోలిస్తే బలపడిన రూపాయి" అని కనబడితే చాలు, మా అల్లుడు కోహ్లీ సిక్సు కొట్టినట్టు చప్పట్లు కొడతాడు. అతనిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ల కంపెనీ అమెరికా వాడికి బిల్లు వేసేది డాలర్లలో, జీతాలిచ్చేది నీలో. నువ్వు బలిసే కొద్దీ కంపెనీకి మిగిలేది సన్నబడుతుంది. "నాయనా, నువ్వు చప్పట్లు కొడుతున్నది నీ ఇంక్రిమెంటు మీదే" అని చెబుదామని నోటిదాకా వస్తుంది. అల్లుడు కదా, మింగేస్తాను.

నీ ప్రతాపం నేను దగ్గర్నుంచి చూసింది 2007లో. ఆ ఫిబ్రవరిలో డాలరుకు నువ్వు 44 దగ్గర ఉన్నావు. ఈ అంకె తగ్గితే నువ్వు బలపడినట్టు, పెరిగితే పడినట్టు. మా ఓనరు సౌదీ బేరగాడితో ఆ ఏడాది సరుక్కి ధర ఖాయం చేసుకున్నాడు. తోతాపురి గుజ్జు, క్రిములు చేరని అసెప్టిక్ బ్యాగుల్లో నింపి, ఇనప డ్రమ్ముల్లో పెట్టి, చెన్నై రేవు నుంచి పంపాలి. డ్రమ్ముకు 215 కిలోలు, కంటైనరుకు 80 డ్రమ్ములు. ధర మాత్రం డాలర్లలో. అరబ్బు వాడికీ మా పక్క అరగొండ వాడికీ మధ్య ఆ అమెరికా వాడెందుకని అడగొద్దు. సౌదీ రియాలు 1986 నుంచి డాలరుకు 3.75 లెక్కన గుంజకు కట్టేసిన ఎద్దు. గుంజ ఎటు పోతే అదీ అటే.

లెక్క తేలిగ్గా ఉండటానికి కంటైనరు 12 వేల డాలర్లనుకో. 44 లెక్కన 5,28,000 రూపాయలు. మాకు నూటికి ఐదు మిగిలితే పండగ, అంటే 26,400. అక్టోబరులో సౌదీ వాడు మాటకు కట్టుబడి 12 వేల డాలర్లూ పైసా తగ్గకుండా పంపాడు. పాపం, అతని తప్పేమీ లేదు. కానీ అప్పటికి నువ్వు 39.50కి చేరుకున్నావు. బ్యాంకు మా ఖాతాలో వేసింది 4,74,000. తేడా 54,000. లాభం పోగా, అంతకు మించి చేతి చమురు వదిలింది. కాలిక్యులేటరు చెడిపోయిందేమోనని నేను కాగితం మీద వేశాను. నా మీద నమ్మకం లేక ఓనరు తనూ వేశాడు. మూడు లెక్కలూ ఒకటే.

ఇంతకీ నువ్వంత బలపడటానికి మేం చేసిన పాపమేంటి? ఏమీ లేదు. విదేశీ మదుపుదార్లు మన షేర్ల మార్కెట్లోకి డాలర్లు బస్తాలకొద్దీ తెచ్చి పోశారు. సెప్టెంబరులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ తగ్గించేసరికి ఇంకా పోశారు. డాలరు కుప్పలు పెరిగితే డాలరు చవక, నువ్వు ప్రియం. మా మార్కెట్లో టమోటాకున్న సూత్రమే. బొంబాయిలో షేర్లు కొన్నవాడికి అది పెళ్లి, గుజ్జు అమ్మినవాడికి తద్దినం.

అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు మా పక్క కడప జిల్లా మనిషే, యాగా వేణుగోపాల్ రెడ్డి గారు. "మనోడే గదా, ఏదో ఒకటి చేస్తాడులే" అని మా ఓనరుకు గట్టి ధైర్యం. ఆయన చేయాల్సింది చేస్తూనే ఉన్నాడు. నువ్వు మరీ పైకి పోకుండా మార్కెట్లో డాలర్లు కొంటున్నాడు. కొనాలంటే రూపాయలు వదలాలి. వదిలితే ఊళ్లో డబ్బు పొంగి ధరలు పెరుగుతాయి. అందుకని 2004లో పెట్టిన స్కీము కింద బాండ్లు అమ్మి, ఆ రూపాయల్నే మళ్లీ లోపలికి లాగాలి. ఆ బాండ్లకు వడ్డీ సర్కారు కట్టాలి. ఒక చేత్తో కుళాయి తిప్పి, ఇంకో చేత్తో గుడ్డతో తుడుచుకుంటూ, ఆ గుడ్డకు అద్దె కట్టడమన్నమాట. నీ ఒంటికి కొవ్వు పట్టకుండా ఉండటానికి దేశం అంత ఖర్చు పెట్టింది. ఢిల్లీ వాళ్లు ఎగుమతిదారులకు వడ్డీలో 2 శాతం రాయితీ కూడా ఇచ్చారు. నువ్వు పదో వంతుకు పైగా మింగిన చోట రెండు శాతం. కొండ పోయి గులకరాయి చేతికొచ్చింది.

బ్యాంకు మేనేజరు ముందే చెప్పాడు, "ఫార్వర్డ్ కవర్ తీసుకోండి సార్, ఈ రోజు కుదుర్చుకున్న రేటే అక్టోబరులోనూ ఖాయం" అని. మా ఓనరు ఆ రోజు "కవర్లో ఏముంటాది సార్, కమిషనేగా" అని నవ్వేశాడు. దెబ్బ తిన్నాక జ్ఞానోదయమైంది. మరుసటేడు మొదట్లోనే వచ్చే డాలర్లన్నీ 40 దగ్గర కవర్లో పెట్టేశాడు. అదేమి చిత్రమో, 2008 చివరికి నువ్వు 50 దగ్గరికి జారిపోయావు. ఊళ్లో కవరు తీసుకోనివాళ్లంతా కొత్త కార్లు చూసుకుంటుంటే, మా ఓనరు 40 కాగితం పట్టుకుని కూర్చున్నాడు. నష్టపోలేదు, అది నిజం. కానీ పక్కవాడి లాభం కళ్లారా చూడటం నష్టం కంటే ఎక్కువ మండుతుంది. అప్పటినుంచీ ఆయన ఆఫీసులో లక్ష్మీదేవి పటం పక్కన ఆ రోజు డాలరు రేటు రాసే పలక ఒకటి వేలాడదీశాడు. పొద్దున్నే రెండింటికీ అగరొత్తులు.

ఇదంతా ఓనర్ల గోడు. వాళ్ల కోసమే అయితే ఈ అర్జీ రాసేవాణ్ని కాను.

ఆ నష్టమంతా తనొక్కడే మోసేంత అమాయకుడా ఓనరు? ఆ 2007 జూన్‌లోనే, నువ్వు 41 కిందికి దిగడం చూసి, వాసన పట్టాడు. పెన్సిలు తీసుకుని ఖర్చులు ఎక్కడ కోయొచ్చో వెతికాడు. డ్రమ్ము ధర తగ్గదు. డీజిలు తగ్గదు. కరెంటు తగ్గదు. ప్యాకింగ్ క్రెడిట్, అంటే ఎగుమతి సరుకు తయారీకి బ్యాంకిచ్చిన అప్పు, దాని వడ్డీ తగ్గదు. ఓడ బాడుగ డాలర్లలో ఉన్నా అది సౌదీ వాడి పద్దు. పెన్సిలు జారుతూ జారుతూ చివరికి ఒక్కచోట ఆగింది: కాయ.

దామలచెరువు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకింకా గుర్తు. రాత్రంతా ట్రాక్టరు మీదే పడుకుని పొద్దున్నే ర్యాంపు దగ్గర కాటా వేయించుకున్నాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"నిన్నటికి ఈ పొద్దుటికి రేటేల తగ్గించినారు సామీ?"

"డాలరు పడిపోయింది పెద్దాయనా."

"యాడ పడింది?"

"బొంబాయిలో."

"బొంబాయిలో పడితే నా కాయకేల దెబ్బ తగలాల?"

నేను వాణిజ్యశాస్త్రంలో డిగ్రీ చదివినవాణ్ని. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం మా పుస్తకాల్లో లేదు. రసీదు చించి ఇచ్చాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి బనీను లోపలి సంచిలో దాచుకున్నాడు. సరుకు వెనక్కి తోలుకుపోవచ్చుగా అంటావేమో. డాలరు ఆగుతుంది, బాండు ఆగుతుంది, కోసిన తోతాపురి ఆగదు. మూడో రోజుకు ట్రాక్టరు కింద రసం కారుతుంది.

సరే, నువ్వు బలపడితే కాయ పడింది. ఒప్పుకున్నాం. నువ్వు పడితే కాయ లేవాలి కదా? ఆ న్యాయం నీకు ఎవరూ నేర్పలేదా? నువ్వు 50కి జారినప్పుడు సౌదీ బేరగాడు ఫోను చేసి, "మీ రూపాయి పడింది కదా, మాకూ కొంచెం తగ్గించండి" అన్నాడు. సగం లాభం అలా పోయింది. మిగతా సగం ఓనరు పాత అప్పుకు జమ అయింది. కాయ దాకా వచ్చేసరికి నీ పతనంలో చెప్పుకోదగ్గ ముక్కేమీ మిగల్లేదు. నీ బలం మెట్లు దిగి నేరుగా తోటలోకి వెళుతుంది. నీ బలహీనత మేడ మీదే భోంచేసి అక్కడే పడుకుంటుంది.

సాక్ష్యం కావాలా? 2025 జూన్ చూడు. డాలరుకు నువ్వు 86 రూపాయల దగ్గర ఉన్నావు. పుస్తకం ప్రకారం చిత్తూరు తోతాపురికి స్వర్ణయుగం రావాలి. వచ్చింది ఏమిటి? ఫ్యాక్టరీల్లో పాత ఏడాది గుజ్జే అమ్ముడుపోక మూలుగుతోంది. గేట్ల ముందు కిలోమీటర్ల కొద్దీ ట్రాక్టర్లు. చివరికి కిలోకు ఫ్యాక్టరీ 8, సర్కారు 4, మొత్తం 12 రూపాయలని లెక్క కట్టాల్సి వచ్చింది. ఆ 8 చేతికందిన కథ వేరే ఉత్తరం అవుతుంది, ఇక్కడ వద్దు. నీ తప్పేమీ లేదంటావు. నిజమే, ఆ ఏడాది నీ తప్పు కాదు. నీ వల్ల మేలు జరగాల్సిన ఏడాది కూడా జరగలేదు, అంతవరకే నా ఫిర్యాదు.

నువ్వు బలపడితే దేశానికి మంచిది కాదా అని మా అల్లుడు వాదిస్తాడు. అబద్ధమేమీ కాదు. మనం వాడే ముడిచమురులో నూటికి ఎనభై ఐదు పాళ్లకు పైగా బయటినుంచే వస్తుంది. పామాయిలూ అంతే. నువ్వు బలంగా ఉంటే అవన్నీ చవగ్గా దిగాలి. దిగుతాయి కూడా, రేవులో. రేవు నుంచి మా వీధి చివర బంకు దాకా వచ్చేసరికి ఆ చవక ఎక్కడ దిగిపోతుందో తెలీదు. పెట్రోలు రేటు రోజూ మారుతుందని 2017 జూన్‌లో చెప్పారు. నువ్వు నీరసపడ్డ రోజున బోర్డు మీద అంకెలు గబగబా ఎక్కాయి. పుంజుకున్న రోజున నెలల తరబడి కొండరాయిలా కూర్చున్నాయి.

మా వీధిలో ఒకామె పదేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. నెలనెలా డబ్బు పంపేముందు వాళ్లక్కకు ఫోను చేసి "ఇప్పుడు పంపేదా, ఆగేదా?" అని అడుగుతుంది. ఆ అక్క వచ్చి నన్నడుగుతుంది. నేను టీవీ చూసి చెబుతాను. రిజర్వు బ్యాంకు వాళ్లు కూడా నీ మీద ఇంత శ్రద్ధ పెట్టరు. నువ్వు బలపడిన నెల ఆ ఇంట్లో పిల్లవాడి ఫీజు ఒక వాయిదా వెనక్కి పోతుంది.

ఇక కొండ మీది సంగతి. స్వామివారి పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు రామముద్రల్లో, అంటే బంగారంలో. సాక్షులు బ్రహ్మ, శివుడు. హుండీలో పడేది మాత్రం నువ్వు. గుమస్తా బుద్ధి ఊరుకోదు గదా, ఒకరోజు క్యూలో నిలబడి లెక్క వేశాను. నువ్వు బలపడితే బంగారం చవకవుతుంది, స్వామికి వడ్డీ తేలిక. బాగుంది. కానీ కల్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాలు పొడవును బట్టి గ్రేడులు కట్టి వేలం వేస్తారు. కొనేవాడు వాటిని విదేశాలకు డాలర్లకు అమ్ముకునేవాడు. నువ్వు బలపడితే అతనికొచ్చే రూపాయలు తగ్గుతాయి, అతను వేలంలో చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. అంటే ఏడుకొండలవాడికి కూడా నువ్వు ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కుంటున్నావు. ఆయనకే తప్పనిది గుజ్జు డ్రమ్ములకెలా తప్పుతుందని, "గోవిందా" అని ముందుకు కదిలాను.

లోకంలో ఇది నీ ఒక్కదాని జబ్బే కాదులే. 1985 సెప్టెంబరులో న్యూయార్కులో ప్లాజా అనే హోటల్లో ఐదు దేశాల వాళ్లు కూర్చుని డాలరును దించుదామనుకున్నారు. 240 దగ్గరున్న జపాను యెన్ ఏడాదిలో 155 చుట్టుపక్కలకు బలపడింది. తమ దేశంలో చేసి అమ్మితే గిట్టక జపాను వాళ్లు ఫ్యాక్టరీలు సంచిలో వేసుకుని పరాయి దేశాలకు బయల్దేరారు. శ్రీసిటీ పారిశ్రామికవాడ మీదుగా వెళుతూ జపాను కంపెనీల బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఆ హోటలు గుర్తొస్తుంది. నెదర్లాండ్స్ వాళ్లకు 1959లో గ్యాసు దొరికి, డబ్బు వరదై, కరెన్సీ బలిసి, మిగతా ఫ్యాక్టరీలు చిక్కిపోతే దానికి "డచ్ జబ్బు" అని పేరే పెట్టారు. ఆ దేశపు రోటర్‌డామ్ రేవులోనే మా చిత్తూరు డ్రమ్ములు దిగేది. ఎవరి పేరు మీద ఆ జబ్బుందో వాళ్ల ఊరికే గుజ్జు పంపుతూ, ఆ జబ్బు మాకే తగిలిన రోజులున్నాయి.

నిన్ను పడిపొమ్మని కోరడం లేదు. దేశద్రోహమంటాడు మా అల్లుడు. లేచినా పడినా కాస్త నెమ్మదిగా, మే నెలలో కాయ కోతకొచ్చేముందు ఒక మాట చెప్పి కదులు. అదే నా అర్జీ.

చిత్తం,
ఇట్లు,
తమ విధేయుడైన మాజీ గుమస్తా, చిత్తూరు.

తా.క.: దామలచెరువు పెద్దాయన పోయిన వారం పాకాల బస్టాండులో కనబడ్డాడు. మనిషి వంగిపోయాడు. టీ తాగుతూ, "డాలరెట్లుండాది సామీ?" అన్నాడు. బాగా లేచిందన్నాను. "అయితే కాయ?" అన్నాడు. గ్లాసులో చక్కెర కరిగిపోయాక కూడా చాలాసేపు కలుపుతూ కూర్చున్నాను.