పంపులు దండగ అంటున్న ఆ మెసేజ్ గురించి

‘పని చేసే చోట గాలి పరీక్షల పేరుతో దోపిడీ’ అని ఒక మెసేజ్ తిరుగుతోంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపితే డిలీట్ చేసి ఊరుకునేవాణ్ణి. సేఫ్టీ పనిలో ఉన్న మిత్రులే పంపుతున్నారు, పైగా కింద చప్పట్ల బొమ్మలు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది, అందుకే అందరికీ కలిపి ఇది.

చూడనివాళ్ల కోసం ఆ మెసేజ్ సారాంశం: శాంప్లింగ్ పంపు (గాలిని ఫిల్టర్ గుండా లాగి శాంపిల్ పట్టే చిన్న పంపు) కార్మికుడి ముక్కు దగ్గరి ఆక్సిజన్‌ని లాగేస్తుంది. వాసన రాకపోతే ఆవిర్లు లేనట్టే. చేతిలో పట్టే లేజర్ మీటర్ పచ్చగా ఉంటే దుమ్ము సేఫ్. ఒంటికి పంపు తగిలించక్కర్లేదు, షెడ్డు మధ్యలో స్టాండు మీద ఒకటి పెడితే చాలు. షిఫ్ట్ అంతా నడపక్కర్లేదు, పది నిమిషాలు చాలు. క్యాలిబ్రేషన్‌కి (పంపు సరైన వేగంతో గాలి లాగుతోందో లేదో సరిచూడటానికి) ఏడాదికో సర్టిఫికెట్ చాలు. మొత్తం మీద పంపు లేకుండానే పరీక్ష చేయొచ్చు.

ఆక్సిజన్ సంగతి: దుమ్ము కోసం పెట్టే పంపు పీల్చేది నిమిషానికి సుమారు రెండు లీటర్ల గాలి. తలుపు ఒకసారి తెరిస్తే వచ్చే గాలిలో అదో లెక్కా? తర్వాతిది.

వాసన సంగతి: కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) దగ్గరికి వచ్చేసరికి ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయింది కదా, గండం గడిచింది అనుకుని మనిషి లోపలికి అడుగు పెట్టేది సరిగ్గా అప్పుడే. దీన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లలో ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపే పర్మిట్ల మీద సంతకం పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, అదే నా టెన్షన్.

లేజర్ మీటర్ మీద నాకు కోపం లేదు. ఏ మిషన్ దగ్గర దుమ్ము లేస్తోంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే తగ్గిందా లేదా అని అక్కడికక్కడ చూసుకోవడానికి మంచి సాధనం. కానీ అది కాంతి చెదరడాన్ని చూసి బరువును అంచనా కడుతుంది. ఆ రేణువు సిలికానా (రాయి, ఇసుకలో ఉండే ఖనిజం), పిండా, నీటి తుంపరా అన్నది దానికి తెలియదు. పైగా చవక మీటర్లు సన్న రేణువుల్ని లెక్కపెట్టినంత బాగా ముతకవాటిని లెక్కపెట్టలేవు. రాయి కోస్తే, గ్రైండింగ్ చేస్తే లేచే దుమ్ములో ముతకదే ఎక్కువ. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లే దుమ్ము అంటే 2.5 మైక్రాన్ల దగ్గర ఆగిపోయేది కాదు. సైక్లోన్‌ని (ఫిల్టర్‌కి ముందు ముతక దుమ్మును వేరుచేసి కింది గిన్నెలో ఆపే చిన్న పరికరం) 4 మైక్రాన్ల రేణువుల్లో సగం లోపలికి వెళ్లేలా తయారుచేసేది అందుకే. ఆ ఫిల్టర్‌ని ల్యాబ్‌లో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ అనే పరీక్షతో చూస్తే అందులో క్వార్ట్జ్ (సిలికాలో ఒక రకం) ఎంతో తెలుస్తుంది. పచ్చ లైటు చూస్తే లైటు పచ్చగా ఉందని తెలుస్తుంది.

స్టాండు గురించి ఒక్క మాట. బ్రిటన్‌లో షేర్‌వుడ్, గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు ఒంటికి తగిలించే శాంప్లర్‌ని 1960లోనే బయటపెట్టారు. గది గాలి వేరు, మనిషి ముక్కు ముందరి గాలి వేరు అని అప్పటినుంచీ తెలుసు. ఫిల్టర్‌ని కాలర్ దగ్గర, ముక్కుకి 30 సెంటీమీటర్ల లోపు పెట్టమనేది అందుకే. గ్రైండర్ మీదికి వంగి పనిచేసేది కార్మికుడు. స్టాండు వంగదు, దానికి ఊపిరితిత్తులూ లేవు.

ఇక అసలుది, పది నిమిషాల పాయింటు. మిగతావన్నీ తెలివితక్కువ మాటలు, ఇది మాత్రం ప్రమాదం.

లెక్క వేద్దాం. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా సిలికాకి 2016లో పెట్టిన పరిమితి ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు, ఎనిమిది గంటల సగటు మీద. నైలాన్ సైక్లోన్‌కి పంపు వేగం నిమిషానికి 1.7 లీటర్లు. పది నిమిషాలకు 17 లీటర్లు. గాలిలో సిలికా సరిగ్గా పరిమితి దగ్గరే ఉందనుకున్నా, ఫిల్టర్ మీద పడేది 0.85 మైక్రోగ్రాము. అమెరికా పరిశోధన సంస్థ నియోష్ వారి 7500 నంబరు పద్ధతిలో ల్యాబ్ గుర్తించగలిగేది సుమారు 5 మైక్రోగ్రాముల నుంచి. అంటే గాలిలో పరిమితికి దాదాపు ఆరు రెట్లు ఉంటే తప్ప పది నిమిషాల ఫిల్టర్‌లో ల్యాబ్‌కి ఏమీ కనిపించదు. నాలుగైదు రెట్లు ఉన్నా రిపోర్టులో ‘గుర్తించబడలేదు’ అనే వస్తుంది. దానికి ఫ్రేమ్ కట్టి గోడకి తగిలిస్తారు.

అదే ఎనిమిది గంటలు నడిపితే 816 లీటర్లు, ఫిల్టర్ మీద సుమారు 41 మైక్రోగ్రాములు. ల్యాబ్ హాయిగా కొలుస్తుంది. ఆ పద్ధతిలోనే కనీసం 400 లీటర్లు తీయమని ఉంది, అంటే దగ్గర దగ్గర నాలుగు గంటలు. ఇదేమీ రహస్యం కాదు, గుణకారం.

అయినా ఆ పది నిమిషాలు ఏ పది నిమిషాలు? ఎవరు ఎంచుకుంటారు? పరీక్షవాళ్లు వస్తున్నారని తెలియగానే నేల తడిపి, రెండు మిషన్లు ఆపి, మంచి మాస్కులు పంచే పది నిమిషాలేనా? 15 నిమిషాల పరీక్షలు లేవనను. కొన్ని రసాయనాలకు ఆ కాస్త సేపటికే విడిగా పరిమితి ఉంటుంది, అవి దానికోసం. వాటిని తెచ్చి సిలికాకి అతికించడమేమిటి? సిలికోసిస్ (సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) సాధారణంగా ఏళ్ల తర్వాత బయటపడుతుంది, వచ్చాక మందు లేదు. అప్పటికి ఈ మెసేజ్ రాసిన మహానుభావుడు ఏ గ్రూపులో ఉంటాడో!

క్యాలిబ్రేషన్. పంపు వేగాన్ని వాడే ముందు, వాడిన తర్వాత, అదే రకం ఫిల్టర్, అదే సైక్లోన్ తగిలించి చూడాలి. రెండింటికీ 5 శాతం మించి తేడా వస్తే ఆ శాంపిల్ అనుమానించాల్సిందే. ‘కాస్త తేడా ఉంటే కాస్త తప్పు వస్తుంది, అంతేగా’ అంటారు. అంతే కాదు. వేగం తగ్గితే సైక్లోన్ ముతక దుమ్మును కూడా లోపలికి వదిలేస్తుంది, పెరిగితే సన్నదాన్ని కూడా ఆపేస్తుంది. అప్పుడు మీరు కొలిచేది వేరే దుమ్ము. ఏడాది క్రితపు సర్టిఫికెట్ ఈ రోజు నలిగిన ట్యూబు గురించి ఏం చెబుతుంది? సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి: షిఫ్ట్ అయ్యాక సైక్లోన్‌ని తలకిందులు చేయకండి. అడుగు గిన్నెలో ఆగిన ముతక దుమ్మంతా ఫిల్టర్ మీద పడుతుంది. నిలువుగా పట్టుకుని, క్యాసెట్ (ఫిల్టర్ ఉండే డబ్బీ) ఊడదీసి, రెండు వైపులా మూతలు పెట్టాక మిగతా కబుర్లు.

పంపు లేకుండానే పరీక్ష చేయొచ్చన్న మాట మాత్రం కొంతవరకు నిజం, ఒప్పుకుంటున్నాను. టోలుయిన్, జైలీన్ లాంటి ద్రావకాల ఆవిర్లకి చార్‌కోల్ బ్యాడ్జిలు (ఆవిరిని పట్టుకునే బొగ్గు ఉన్న చిన్న బిళ్లలు) ఉన్నాయి. బ్యాటరీ లేదు, ట్యూబు లేదు, చప్పుడు లేదు. కాలర్‌కి తగిలిస్తే ఆవిరి తనంతట తానే లోపలికి వ్యాపిస్తుంది. ఇవి సరిపోయే చోట కూడా అలవాటు కొద్దీ పంపులు మోయించి బిల్లు వేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల విషయంలో ఆ మెసేజ్ కోపం న్యాయమే. కాకపోతే బ్యాడ్జి దుమ్మును పట్టదు, గాలి కదలని మూలలో తక్కువ చూపిస్తుంది. మూత తీసిన టైమ్, పెట్టిన టైమ్ దాని మీద రాయకపోతే ల్యాబ్‌కి లెక్కకట్టడానికి ఏమీ ఉండదు.