గంగపాయల పప్పు, ఏడేళ్ల జైలు

మా ఇంట్లో ఏళ్ల తరబడి నేరం జరిగిందని ఈ వయసులో ఒప్పుకోవలసి రావడం బాధగానే ఉంది. నేరస్థురాలు మా అమ్మమ్మ. నేరస్థలం అమలాపురం పక్క కొబ్బరితోటల్లోని కాలవగట్టు. దొరికిన సొత్తు ఒడినిండా గంగపాయల కూర.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2022 సవరణలో షెడ్యూళ్లను ఆరు నుంచి నాలుగుకు కుదించే దాకా, డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే సీతాకోకచిలుకను మొదటి షెడ్యూలులో, అంటే సాక్షాత్తూ పెద్దపులి పంక్తిలో కూర్చోబెట్టింది. ఈ మర్యాద ఎలా దక్కిందో పైవారికే తెలియాలి గాని, నాకొక అనుమానం ఉంది. ఇందులో మగది నల్లని రెక్కల మీద ఊదా మెరుపుతో తెల్లని మచ్చలు వేసుకుని దర్జాగా తిరుగుతుంది. ఆడది మాత్రం, పిట్టలు దగ్గరకు రాకుండా, గొంగళిగా ఉండగానే జిల్లేడు తిని ఒళ్లంతా విషం నింపుకున్న ప్లెయిన్ టైగర్ అనే మరో సీతాకోకచిలుక వేషం కడుతుంది. ఆ టైగర్ అన్న మాట ఢిల్లీలో ఎవరి చెవినో పడి ఉంటుంది.

అదే చట్టంలో జంతువు అంటే దాని పిల్లలూ గుడ్లూ కూడానని నిర్వచించారు. ఈ ఎగ్‌ఫ్లై గుడ్లు పెట్టేది గంగపాయల మీద. కనుక పప్పులోకి గుడ్డుతో సహా ఆకు గిల్లిన ప్రతి ఇల్లాలూ, అప్పటి లెక్కన, వేట నేరం కింద మూడు నుంచి ఏడేళ్ల జైలుకూ, పదివేలకు తగ్గని జరిమానాకూ అర్హురాలే.

గుడ్డును ఇంతగా కాచిన చట్టం ఆకు ఊసెత్తలేదు. గట్టు మీద గంగపాయల కలుపు కింద లెక్క. పారతో చెక్కగా మిగిలినదానికి మందు కొడతారు. ఆకు లేక గొంగళి పస్తుండి చస్తే అది వేట కిందికి రాదు. సీతాకోకచిలుకల పార్కు కట్టాలనుకుంటే కడియపులంక నర్సరీల నుంచి లారీలకొద్దీ నూరువరహాలు తెచ్చి నాటవచ్చు. తేనెకు లోటుండదు, గుడ్డు పెట్టే చోటే ఉండదు. కల్యాణమండపం కట్టి పురిటిగది మరిచినట్టన్నమాట.

నా మనవి చిన్నది: గట్టున ఒక గజం గంగపాయలను వదిలేసి, పక్కన బోర్డు పాతాలి. బోర్డు పాతడానికి ముందు ఆ గజాన్నే శుభ్రంగా చెక్కుతారు కదా అంటారా, అది వేరే శాఖ పని.

అమ్మమ్మ ఒకసారి ఆకు బాగుచేస్తూ, నారింజరంగు తలా ఒంటినిండా ముళ్లూ ఉన్న గొంగళిని చీపురుపుల్లతో తీసి పెరట్లోకి విసిరింది. పెట్ట ఒకటి దాన్ని ముక్కున కరుచుకుపోయింది. కోడిపెట్ట మీద కేసు పెట్టే సెక్షను కోసం చట్టమంతా వెతికాను, దొరకలేదు.