గోడకెక్కిన లాడ్ బజార్

మా గేటెడ్ కాలనీ క్లబ్ హౌస్ గోడ మీద ఈమధ్య ఆరడుగుల పెయింటింగ్ ఒకటి వెలిసింది. సాయంత్రపు లాడ్ బజార్. వెనక చార్మినార్, ముందు గాజుల దుకాణాలు, ఓ పక్కన జామకాయల తోపుడు బండి, ఇసకేస్తే రాలని జనం. గేటు దగ్గర 'తోపుడు బండ్లకు ప్రవేశం లేదు' అని బోర్డుంది కాబట్టి, ఆ బండిని లోపలికి రప్పించాలంటే దానికి ఫ్రేము కట్టించడం తప్ప మా సంఘానికి వేరే దారి లేకపోయింది.

అసలు వీధినీ, ఈ చిత్రాన్నీ నిష్పక్షపాతంగా పరిశీలించాను. తప్పంతా వీధిదే. అక్కడ దుకాణాల నెత్తిన కరెంటు తీగలూ కేబుల్ వైర్లూ జడలు కట్టి వేలాడుతుంటాయి. చిత్రంలో ఆకాశం నున్నగా ఉంది. ఏ శాఖకూ చేతకాని పనిని చిత్రకారుడు టెండరు పిలవకుండా పూర్తిచేశాడు. చార్మినార్ చుట్టూ వాహనాలు తిరగకుండా చూడటానికి అధికారులు ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. ఈయన ఆటోలన్నీ చెరిపేసి ఒక్క జట్కా నిలబెట్టాడు. 1591లో కులీ కుతుబ్ షా అయినా కాస్త ముందుచూపుతో సెల్లార్ పార్కింగ్ తవ్వించి ఉండాల్సింది.

గాజుల సంగతి మరీ విడ్డూరం. అసలు బజారులో లక్క గాజు తయారవ్వాలంటే ఎంత రభస! బొగ్గుల కుంపటి దగ్గర లక్కను మెత్తబరచాలి, సాగదీసి గుండ్రంగా వంచాలి, వేడి చల్లారేలోగా ఆవగింజంత రాళ్లను వరస తప్పకుండా ఒక్కొక్కటే అద్దాలి. వేళ్లు కాలుతున్నా ఆగడానికి లేదు, లక్క గట్టిపడిపోతుంది. ఇంతా చేసి ఆ గాజులు 2024లో, ఫలానా ఊరి సరుకని చాటే జీఐ గుర్తింపు కూడా తెచ్చుకున్నాయి, అదొక గర్వం! మన చిత్రకారుడు కుంచె కొసతో పసుపు చుక్కలు నాలుగు విదిలించాడు, గాజులైపోయాయి. రాళ్లద్దిన వాళ్ల దగ్గర జతకు ఇరవై రూపాయలు తగ్గించమని అరగంట నిలబడే మా వాళ్లు, చుక్కలు పెట్టినాయనకు ఐదంకెల చెక్కు మారుమాట లేకుండా రాసిచ్చారు. కళ దగ్గర బేరమాడటం సంస్కారం కాదు కదా.

చట్టం విషయంలోనూ చిత్రానిదే పైచేయి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. వీధి వ్యాపారుల సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. అది చదవని జీపులు వచ్చి బండ్లెత్తుకుపోవడం మనమెరిగిన ముచ్చటే. మా గోడ మీది జామకాయల బండిని మాత్రం ఇంతవరకు ఎవరూ కదపలేదు. పైగా ఆ అమ్మేవాడు 'రండక్కా, తీసుకోండన్నా' అని కేకలేయడు, చిల్లర లేదనడు, పొద్దుపోయినా ఇంటికి పోడు. ఆదర్శ వర్తకుడు!

అయినా మొన్నటి సర్వసభ్య సమావేశంలో అభ్యంతరాలు వచ్చాయి. బండి ఫైర్ ఎగ్జిట్ వైపు చూస్తోందని సెక్రటరీ గారన్నారు. ఇంతమంది కొత్త ముఖాలు చూసి పిల్లలు జడుసుకుంటున్నారని ఒకావిడ ఫిర్యాదు. చివరికి బండి, జనం, దుకాణాలు తీసేసి ఆ చోట రెండు పామ్ చెట్లు వేయాలని తీర్మానించి చిత్రకారుణ్ని పిలిపించారు. ఆయన అంతా రాసుకుని, "మరి చార్మినార్ ఉంచమంటారా?" అని అడిగాడు.

"ఉండనివ్వండి. సోఫా రంగులో బాగానే కలిసింది" అన్నారు ప్రెసిడెంటు గారు.