మినహాయింపుల గండి

కొల్లేరు అభయారణ్యం సరిహద్దును సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత అయిన అయిదో కాంటూరు నుంచి మూడడుగుల ఎత్తున్న మూడో కాంటూరుకు దించాలన్న కోరిక చల్లారినట్టే చల్లారి మళ్లీ మళ్లీ రాజుకుంటోంది. ఇటు హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల పూర్తిస్థాయి నీటిమట్టం హద్దును, అందరి నోటా నలుగుతున్న మాటలో ఎఫ్‌టీఎల్‌ను, తిరిగి కొలవాలని, ఆ హద్దు చుట్టూ కట్టడాలు లేకుండా వదలవలసిన బఫర్ జోన్లను కుదించాలని, అప్పటికే లేచిన కట్టడాలను క్రమబద్ధీకరించాలని ఒత్తిళ్లు ఆగడం లేదు. రాష్ట్రాలు రెండైనా, ఒకచోట సరస్సూ మరోచోట చెరువూ అయినా, అడుగుతున్నది ఒక్కటే: ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు పొమ్మని. ఈ పత్రికను కలవరపెడుతున్నది ఆ మాటే. ఒక్కసారికని ఇచ్చిన మినహాయింపు ఒక్కసారితో ఆగిన ఉదంతం తెలుగునేల మీద మాకు కనబడలేదు.

నిబంధనలు లేక చెరువులు పోలేదు. 2012 నాటి 168 జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్ల మేర ఏ కట్టడమూ రాకూడదు. ఎఫ్‌టీఎల్ లోపలి సంగతి చెప్పనక్కరలేదు, అక్కడ ఇటుక కూడా పెట్టకూడదు. స్థానిక సంస్థ భవన అనుమతి మీద సంతకం పెట్టే ముందు చూడవలసిన మొదటి నిబంధన ఇది. ముప్ఫై మీటర్లంటే గట్టిగా నలభై అంగలు. చెరువుకు ఆ నలభై అంగలైనా వదలలేని వ్యవస్థ, ఆ హద్దు అన్యాయమని ఇప్పుడు వాదిస్తోంది.

హద్దు ఎలా చెరిగిపోతుందో చెరువు ఒడ్డున ఉన్న ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. మే నెలలో శిఖం, అంటే చెరువు లోపలి భూమి, నెర్రెలిచ్చి ఉండగా రాత్రిపూట టిప్పర్లు వచ్చి మట్టి, కూల్చిన ఇళ్ల శిథిలాలు కుమ్మరించి పోతాయి. కొన్ని వారాలకు ఆ మట్టి దిబ్బ చుట్టూ రేకుల ప్రహరీ లేస్తుంది. వానలు కురిసి చెరువు నిండితే ప్రహరీ మునుగుతుంది కనుక మిగులు నీరు పొర్లిపోయే అలుగు మీది రాళ్లు ఒక వరుస ఊడిపోతాయి, లేదా తూము తలుపు ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోతుంది. మన చెరువులు బావుల్లా లోతైనవి కావు, పళ్లెంలా పరుచుకున్నవి. అలుగు ఒక్క అడుగు దిగితే ఎకరాలకు ఎకరాలు బయటపడతాయి. ఆపైన కరెంటు మీటరు, ఇంటి నంబరు, ఆస్తిపన్ను రశీదు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరతాయి. పన్ను కట్టినంత మాత్రాన భూమి మీద హక్కు రాదని అందరికీ తెలిసినా, కొన్నేళ్ల తర్వాత క్రమబద్ధీకరణ దరఖాస్తుకు ముందుగా జతపడేది ఆ రశీదే. అప్పుడు హద్దు కొలవడానికి వచ్చిన సర్వేయరుకు నీళ్లు ఎంతవరకు కనబడితే అంతవరకే చెరువు.

దీన్ని ఆక్రమణ అంటాం, నేరమంటాం. అయితే రాత్రిపూట గడ్డపారతో అలుగు రాయిని ఊడబెరికినవారికీ, పట్టపగలు తీర్మానంతో కాంటూరును దించమనేవారికీ తేడా ఏమిటో ఏలినవారే చెప్పాలి.

కొల్లేరు కథ చదివితే మినహాయింపు ఎలా పిల్లలు పెడుతుందో అర్థమవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే వరదను పట్టి నిలిపి, ఉప్పుటేరు గుండా నిదానంగా బంగాళాఖాతానికి సాగనంపే సహజమైన పల్లం అది. 1970 దశకంలో అక్కడ చేపల చెరువులకు సహకార సంఘాలకు భూములిచ్చింది ప్రభుత్వమే. పేద మత్స్యకారులకు ఉపాధి చూపాలన్న ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ వెసులుబాటు పేదల దగ్గర ఆగలేదు. లీజులుగా, బినామీ పేర్లుగా చేతులు మారి పెట్టుబడి ఉన్నవారి గుప్పిట్లోకి వెళ్లింది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. అయినా చేపల చెరువుల గట్లు లేస్తూనే పోయాయి. చివరికి సుప్రీంకోర్టు జోక్యంతో 2006లో యంత్రాలు దింపి వాటిని తెగగొట్టవలసి వచ్చింది. ఆ మట్టి ఆరిందో లేదో, 2008లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ సరిహద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. అదే జరిగితే అభయారణ్యంలో సగానికి పైగా విస్తీర్ణం రక్షణ కోల్పోతుంది. గట్టు వేసినవారికి ఆ తీర్మానం చెప్పిన సంగతి ఒక్కటే: కాస్త ఓపిక పట్టండి, హద్దే మీ దగ్గరికి జరుగుతుంది. అందుకే తెగ్గొట్టిన గట్లు మళ్లీ లేచాయి. ఇప్పుడు ఆ కొత్త గట్లనే చూపించి, అక్కడ సరస్సు ఎక్కడుందని అడుగుతున్నారు.

జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు లేకుండా అభయారణ్యం సరిహద్దును రాష్ట్ర ప్రభుత్వం మార్చరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 26ఏ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. సభలో తీర్మానాలకు చేతులెత్తేవారికి ఈ సంగతి తెలియదని నమ్మలేం. తెలిసే ఆశ పెడుతున్నారు, తెలిసే నెపాన్ని ఢిల్లీ మీదికి నెడుతున్నారు.

జంట జలాశయాల సంగతీ ఇంతే. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ఊడ్చుకుపోయి వేలమందిని పొట్టనబెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఆ నదికి ఉస్మాన్‌సాగర్, ఈసీకి హిమాయత్‌సాగర్ అడ్డుకట్టలుగా వచ్చాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996 మార్చిలో జారీ అయిన 111 జీవో, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ కట్టడాలను నిషేధించింది. మరుసటి ఏడాదే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఒక్కటంటే ఒక్క నూనె పరిశ్రమకు మినహాయింపు ఇచ్చింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఒక్క పరిశ్రమ కోసం నిషేధాన్ని సడలించడం ఏకపక్షమని, ప్రజాప్రయోజనానికి విరుద్ధమని, రాజ్యాంగం 21వ అధికరణం కింద స్వచ్ఛమైన నీటికి ఉన్న హక్కును హరించడమేనని సర్వోన్నత న్యాయస్థానం 2000 డిసెంబరులో కుండబద్దలు కొట్టింది. ఒక్కదానికి తలుపు తీస్తే ఏమవుతుందో పాతికేళ్ల క్రితమే చెప్పిన తీర్పు అది. దాన్ని చదవవలసిన చోట చదవలేదు. 2022 ఏప్రిల్‌లో 69 జీవో తెచ్చి, నగరానికి ఈ జలాశయాలు ఇప్పుడు ప్రధాన తాగునీటి వనరులు కావన్న కారణంతో ఆంక్షలకే ఎసరు పెట్టారు. 84 గ్రామాల రైతులు దశాబ్దాలుగా తమ భూమికి ధర రాక నష్టపోయారన్నది నిజమే. కానీ వరదను ఆపడానికి కట్టిన జలాశయాన్ని, దాని నీళ్లు తాగడం తగ్గించాం కనుక అవసరం తీరిందనడం ఏ తర్కం? 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లు వచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయిన రాత్రి, ఆ గేట్ల వెనక ఎంత నీరుందో, పైనుంచి ఎంత వస్తోందో అన్న లెక్కే నగరాన్ని నిద్రపోనివ్వలేదు.

కేంద్ర నిబంధనలు ఉన్నాయి కదా, స్థానిక హద్దులు సడలినా నష్టమేమిటని అనేవారున్నారు. వారు 2017 నాటి చిత్తడినేలల సంరక్షణ, నిర్వహణ నిబంధనలను ఒకసారి తిరగేయాలి. అందులో ఆక్రమణ నిషిద్ధం, వ్యర్థాలు పోయడం నిషిద్ధం, పదేళ్ల సగటు వరదమట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవల రేవు తప్ప శాశ్వత కట్టడం నిషిద్ధం. వినడానికి ఎంతో బాగుంది. అయితే చిత్తడినేల అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలోనే నదీగర్భాలను, వరి పొలాలను, తాగునీటికి కట్టిన జలాశయాలను, సాగునీటి కోసం, చేపల పెంపకం కోసం, ఉప్పు తయారీ కోసం మనుషులు నిర్మించిన వాటిని పక్కన పెట్టేశారు. తెలుగునేల మీద చెరువన్నది చాలావరకు సాగు కోసం మనిషి కట్టినదే. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల, లక్నవరం మొదలు మిషన్ కాకతీయ లెక్కకెక్కిన 46 వేలకు పైచిలుకు చెరువులు, కుంటల్లో అత్యధికం ఈ ఒక్క మినహాయింపుతో కేంద్ర నిబంధనల గొడుగు కిందికి రాకుండా పోతాయి. ఏడెనిమిది వందల ఏళ్లుగా కొంగలకు, చేపలకు, భూగర్భజలానికి ఆధారమైనదాన్ని కట్టినది మనిషి కనుక చిత్తడినేల కాదన్నారు. ఇక వాటికి మిగిలిన రక్ష స్థానిక నిబంధన, ఆ 30 మీటర్లు, ఆ 9 మీటర్లు. దానికీ గండి కొడితే కట్ట కింద ఇక నిలిచేదేమీ ఉండదు.

కొల్లేరులో జిరాయితీ, అంటే సొంత పట్టా, భూములున్న రైతులకు పరిహారం అందకపోవడం, నమ్మి ప్లాటు కొన్న మధ్యతరగతి కుటుంబం రాత్రికి రాత్రి వీధిన పడటం అన్యాయమేనని, అందుకే సడలింపు కావాలని వాదించేవారి ఆవేదనను తోసిపుచ్చలేం. ఆ అన్యాయానికి మందు పరిహారం ఇవ్వడం, మోసగించి అమ్మినవారి నుంచి రాబట్టడం. అంతేకాని హద్దును జరపడం కాదు. హద్దు జరిగితే ముందుగా లాభపడేది ఒక ఎకరం రైతు కాదు, అతని పేరు వెనక వందల ఎకరాలు పెట్టుకున్నవారు.

క్రమబద్ధీకరణ విషయంలో చట్టం మౌనంగా లేదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణ మీద పంజాబ్ కేసులో 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సూటిగా ఉంది. ఎన్నాళ్లుగా అనుభవిస్తున్నారన్నది గాని, కట్టడాల మీద ఎంత ఖర్చుపెట్టారన్నది గాని, రాజకీయ పలుకుబడి గాని ఆక్రమణను క్రమబద్ధీకరించడానికి కారణం కాకూడదని తేల్చిచెప్పింది. మన ప్రభుత్వాలు క్రమబద్ధీకరణకు ఎప్పుడూ చూపేది సరిగ్గా ఆ కారణాలనే: ఎన్నేళ్లుగానో ఉంటున్నారు, ఎంతో ఖర్చుపెట్టారు. మూడో కారణం పైకి చెప్పరు. ఒకసారి గడువు పెట్టి రుసుము కట్టించుకుంటారు. గడువు ముగిశాక మళ్లీ గడువు పెంచుతారు. నిబంధనను పాటించి శిఖం అంచున స్థలం కొనకుండా వెనక్కి తగ్గినవాడు, ప్రతి గడువు పెంపుతోనూ తాను మోసపోయానని తెలుసుకుంటాడు. నిబంధనను నమ్మినవాడే నష్టపోయే చోట రేపు ఎవడు నమ్ముతాడు?

కపటం మరొకటుంది. చెరువులను, ప్రభుత్వ ఆస్తులను కాపాడేందుకు హైదరాబాద్‌లో 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ ఎఫ్‌టీఎల్ హద్దుల్లోని కట్టడాలను కూలుస్తుంటే, అదే హద్దుల్లో లేఅవుట్‌కు అనుమతిచ్చిన సంతకం, నిరభ్యంతర పత్రమిచ్చిన సంతకం, రిజిస్ట్రేషన్ చేసిన సంతకం భద్రంగా ఉన్నాయి. పొక్లెయిన్ గోడను వెతుక్కున్నంత సులభంగా సంతకాన్ని ఎందుకు వెతుక్కోదు? మహానగర పరిధిలో వందలాది చెరువులకు ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చి ఏళ్లు గడిచినా తుది నోటిఫికేషన్ రాకపోవడం కూడా మినహాయింపే. హద్దు తేలనంత కాలం దాన్ని ఎవరు దాటినా దాటినట్టు కాదు.

ప్రభుత్వాలు చేయవలసిన పనికి కొత్త చట్టం అక్కర్లేదు. నీటిపారుదల శాఖ దగ్గర పాత చెరువుల రికార్డులున్నాయి, రెవెన్యూ దగ్గర గ్రామ నక్షాలున్నాయి. వాటి ఆధారంగా, ఇప్పుడు కనబడుతున్న నీటిని బట్టి కాకుండా అలుగు అసలు ఎత్తును బట్టి, ప్రతి చెరువు హద్దునూ తేల్చి రాయి పాతి తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. పాతిన రాయి జరిపినవారి మీద, జరపనిచ్చినవారి మీద ఒకే కేసు నడవాలి. కొల్లేరులో జిరాయితీ రైతులకు పరిహారం లెక్కకట్టి చెల్లించాలి. మూడో కాంటూరు మాట ఇక ఎత్తకూడదు.

2020 అక్టోబరులో చెరువు కట్టలు తెగి హైదరాబాద్ పాతబస్తీ కాలనీలు మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరుకు మూడుచోట్ల గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానినప్పుడు, నడుం లోతు నీళ్లలో నిలబడి కెమెరాల ముందు కన్నీళ్లు పెట్టుకున్న ప్రజాప్రతినిధులకు కొదవ లేదు. ఆ బుడమేరు చేరవలసింది కొల్లేరుకే. దాన్ని సగానికి కుదించే తీర్మానాన్ని మళ్లీ తేవాలనుకునేవారు ముందుగా ఆ కాగితాన్ని సింగ్‌నగర్ వీధుల్లోకి పట్టుకెళ్లి, వరద ముంచెత్తిన ఇళ్ల ముందు నిలబడి, పైకి చదివి వినిపించాలి. అక్కడివారు సరేనంటే అప్పుడు సభలో పెట్టండి.