కంపెనీలకు నీతులు, సొంత ఆఫీసులో ఉచిత చాకిరి

ఏటా వేసవి సెలవులు దగ్గరపడే వేళకి డిగ్రీ, ఇంజినీరింగ్, లా చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఢిల్లీ ఇంటర్న్‌షిప్ నోటిఫికేషన్లు చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. ఫలానా మంత్రిత్వ శాఖ, ఫలానా కమిషన్, ఆరు వారాలు, చివర్లో మూడు సింహాల ముద్రతో సర్టిఫికెట్. పీడీఎఫ్‌ను కిందదాకా చదివే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం ఒక లైను కనబడుతుంది. ఇది జీతం లేని ఇంటర్న్‌షిప్, ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. కేంద్రానికి విధాన సలహాలిచ్చే నీతి ఆయోగ్ నిబంధనల్లో ఈ రెండు మాటలూ ఉన్నాయి. కూర్చోవడానికి చోటు, ఇంటర్నెట్ మాత్రం వాళ్లే ఇస్తారు, సంతోషం. దేశంలోని కోట్ల మంది యువతకు ఉపాధి దారి చూపాల్సిన సంస్థ తన గుమ్మంలోకి వచ్చిన పాతికేళ్ల లోపు పిల్లలకు చెప్పే మొదటి మాట ఇదీ.

ఇదే కేంద్ర ప్రభుత్వం 2024 బడ్జెట్‌లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ప్రకటించింది. ఐదేళ్లలో కోటి మందికి 500 పెద్ద కంపెనీల్లో అవకాశం, నెలకు 5,000 రూపాయలు, చేరేటప్పుడు మరో 6,000. ఆ ఐదు వేలలో 4,500 కేంద్రం ఇస్తుందని, మిగతా 500 కంపెనీ తన సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల నుంచి తీయాలని అప్పట్లో చెప్పింది. ఆ డబ్బు చాలదని అప్పుడే చాలామంది అన్నారు, అది వేరే చర్చ. ఇంటర్న్‌కు ఎంతో కొంత ముట్టజెప్పాలన్న సూత్రాన్ని కేంద్రం ఒప్పుకుందా లేదా అన్నదే మా ప్రశ్న. ఒప్పుకుంది, పార్లమెంటు సాక్షిగా ఒప్పుకుంది. టాటాల దగ్గర, రిలయన్స్ దగ్గర పనిచేసే కుర్రాడికి ఖజానా నుంచి 4,500 ఇవ్వగలిగినప్పుడు, సంసద్ మార్గ్‌లో తన సొంత భవనంలో తన సొంత ఫైళ్ల పని చేసిపెట్టే అమ్మాయికి మొండిచెయ్యి ఎందుకు చూపిస్తున్నట్టు? చెప్పేవి శ్రీరంగ నీతులు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

జీతం బదులు క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తవడానికి లెక్కలోకి వచ్చే పాయింట్లు, వస్తున్నాయి కదా అంటారు. సరే, ఆ లెక్కే చూద్దాం. డిగ్రీ పిల్లల ఇంటర్న్‌షిప్‌కు యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల పని. నాలుగో సెమిస్టర్ తర్వాత చేసే ఇంటర్న్‌షిప్‌కు దక్కేది రెండు నుంచి నాలుగు క్రెడిట్లు, అంటే ఎక్కువలో ఎక్కువ 120 గంటలు. నీతి ఆయోగ్‌లో ఇంటర్న్‌షిప్ కనీసం ఆరు వారాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు వేసుకున్నా 240 గంటలు. రెట్టింపు! యూజీసీ లెక్క ప్రకారమే ఎనిమిది క్రెడిట్లు రావాల్సిన పనికి నాలుగే చేతికొస్తాయి, మిగతా సగం ఏ ఖాతాలోనూ పడదు. డబ్బులు ఎలాగూ లేవు, కనీసం క్రెడిట్లయినా సరిగ్గా కొలిచి ఇవ్వడం లేదు. పైగా ఆ నాలుగు క్రెడిట్లూ ఉచితమేం కాదు, వాటికి కాలేజీ సెమిస్టర్ ఫీజు ముందే కట్టించుకుంది. పనిచేసేది స్టూడెంట్, ఎదురు డబ్బు కట్టేదీ స్టూడెంటే. పని చేయించుకున్న ఆఫీసుకి గానీ, ఫీజు తీసుకున్న కాలేజీకి గానీ దమ్మిడీ ఖర్చు లేదు.

ఇక ఢిల్లీ బతుకు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో ఏపీ ఎక్స్‌ప్రెస్, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిన విద్యార్థికి ముందు పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్‌లో చోటు కావాలి. లక్ష్మీనగర్‌లోనో మునిర్కాలోనో కిటికీ లేని గదిలో ముగ్గురిలో ఒకరిగా మంచం దొరకాలన్నా నెల అద్దెతో పాటు ఇంకో నెల అడ్వాన్స్ అడుగుతారు, ఉండేది ఆరు వారాలే అంటే అసలు ఇవ్వనే ఇవ్వరు. మెట్రో కార్డు, మధ్యాహ్నం భోజనం, జూన్ ఎండకు కూలర్ కరెంటు బిల్లులో వాటా. ఇవన్నీ కలిపితే ఇంట్లో ఒకరి నెల జీతం. పొద్దున సెంట్రల్ సెక్రటేరియట్ స్టేషన్‌లో దిగి, విజిటర్ పాస్ కోసం గేటు దగ్గర క్యూలో నిలబడి, లోపల చేసేదేమిటంటే పార్లమెంటు ప్రశ్నలకు జవాబు రాయడానికి రాష్ట్రాల నుంచి వచ్చిన అంకెలు ఎక్సెల్‌లోకి ఎక్కించడం, పై అధికారి మీటింగ్‌కు పీపీటీ తయారు చేయడం, నలభై పేజీల నివేదికను రెండు పేజీలకు కుదించడం. ఇది నేర్చుకోవడం కాదని మేం అనడం లేదు. కానీ ఇది పని కూడా. ఆ అమ్మాయి చేయకపోతే జీతం తీసుకునే ఇంకెవరో ఆ పని చేయాల్సిందే.

నీతి ఆయోగ్‌కు అర్హత ఇంటర్‌లో 85 శాతం మార్కులు. మన పిల్లలకు అదో లెక్కా! ఆ పై మార్కులు తెచ్చుకున్నవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. అసలు కటాఫ్ నోటిఫికేషన్‌లో రాయరు, అది ఢిల్లీ అద్దె. ఆ కటాఫ్ దాటేది ఎవరంటే ఢిల్లీలో ఇల్లున్నవాళ్లు, బంధువులున్నవాళ్లు, నాన్న పంపగలిగినవాళ్లు. రేపు వీళ్ల బయోడేటాల్లోనే మంత్రిత్వ శాఖ పేరు మెరుస్తుంది, పాలసీ ఉద్యోగాలూ విదేశీ యూనివర్సిటీ సీట్లూ వీళ్లకే ముందు వస్తాయి, అప్పుడు మనం దాన్ని మెరిట్ అని పిలుస్తాం.

అనుభవం దొరుకుతుంది, పరిచయాలు పెరుగుతాయి, ఎవరూ బలవంతం చేయలేదు అనేవాళ్లున్నారు, అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ బలవంతం అన్న మాట దగ్గరే ఆగి, సుప్రీంకోర్టు 1982లో ఏమందో గుర్తు చేసుకోవాలి. ఇదే ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసులో జస్టిస్ భగవతి ధర్మాసనం, కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందకే వస్తుందని తేల్చింది. గతిలేక ఒప్పుకోవడం కూడా బలవంతమేనని చెప్పింది. ఇంటర్న్‌లు కూలీలు కారు, చట్టం వాళ్లను కార్మికులుగా లెక్కించదు, తెలుసు. కానీ డిగ్రీ పూర్తవ్వాలంటే ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని ఒక ప్రభుత్వ సంస్థ నిబంధన పెట్టి, మా దగ్గర చేస్తే పైసా ఇవ్వం అని ఇంకో ప్రభుత్వ సంస్థ నోటిఫికేషన్ ఇస్తే, మధ్యలో ఇరుక్కున్న ఇరవై ఏళ్ల పిల్లకు ‘ఇష్టముంటేనే రా’ అని చెప్పడం ఎంతవరకు న్యాయం? వెట్టి మీద తిరగబడిన నేల మనది, ఈ మాత్రం తేడా మనకు తెలియనిది కాదు.

డబ్బుల్లేక అనుకుందామా? విదేశాంగ శాఖ తన ఇంటర్న్‌లకు నెలకు 10,000 గౌరవ వేతనం, ఢిల్లీకి రానూపోనూ విమాన చార్జీ ఇచ్చేలా పథకం పెట్టింది. అన్ని రాష్ట్రాల పిల్లలకూ చోటు దక్కేలా, వెనుకబడిన జిల్లాల వాళ్లకు అదనపు ప్రాధాన్యం దొరికేలా ఎంపిక విధానం పెట్టుకుంది. ఆ శాఖకు వీలైంది పక్క శాఖకు ఎందుకు వీలుకాదు? ఖజానా ఒక్కటే కదా. అమెరికాలో కూడా ఏళ్ల తరబడి ఇదే నాటకం నడిచింది, కాలేజీకి ఫీజు కట్టి క్రెడిట్ల కోసం వాషింగ్టన్‌లో ఉచితంగా పనిచేసిన పిల్లలు అక్కడ తరాల తరబడి ఉన్నారు. చివరికి 2018లో అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాల్లో ఇంటర్న్‌ల జీతాల కోసం విడిగా నిధులు కేటాయించారు, 2022 చివర్లో వైట్‌హౌస్ కూడా జీతాలు మొదలుపెట్టింది. అక్కడి మంచికంటే చెడునే ముందు దిగుమతి చేసుకోవడం మన అలవాటు కాబట్టి క్రెడిట్లు వచ్చేశాయి, జీతం ఇంకా రాలేదు.

మన రాష్ట్రాలకూ ఇందులో పాపం ఉంది. ఆంధ్రప్రదేశ్ యూజీసీ కంటే ముందే, 2020-21 నుంచే డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. ఆలోచన మంచిదే. పిల్లలు ఎక్కడ చేస్తారు, ఎవరు డబ్బిస్తారు అన్నది మాత్రం పిల్లలకే వదిలేసింది. ఫలితం అందరికీ తెలుసు. డబ్బు కడితే చాలు, అడుగు పెట్టకుండానే సర్టిఫికెట్ చేతిలో పెట్టే దుకాణాలు పుట్టుకొచ్చాయి, అటెండెన్స్ షీటు, లాగ్‌బుక్, గైడ్ సంతకం అన్నీ ప్యాకేజీలోనే. నిజాయతీగా ఢిల్లీ వెళ్లి ఎండలో తిరిగినవాడికీ, ఇంట్లో కూర్చుని సర్టిఫికెట్ కొన్నవాడికీ మార్క్స్ మెమోలో అవే క్రెడిట్లు. రెండు రాష్ట్రాలకూ ఢిల్లీ నడిబొడ్డున భవన్‌లు ఉన్నాయి, వాటిలో వేసవి రెండు నెలలు పాతిక మంచాలు విద్యార్థులకు కేటాయించమంటే ఆకాశం విరిగిపడదు. అక్కడి క్యాంటీన్ భోజనం గురించి గొప్పగా చెప్పుకుంటాం, ఆ భోజనం మన ఊరి పిల్లకు రెండు నెలలు పెట్టడానికి మాత్రం జీవో కావాలి!

ఆంధ్ర నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభలో ఉన్నారు. ఏ శాఖలో ఎంతమంది ఇంటర్న్‌లు పనిచేస్తున్నారు, ఎవరికి ఎంత ఇస్తున్నారు, ఏ జిల్లాల నుంచి వచ్చారు అని, మంత్రి సభలో లేచి జవాబు చెప్పాల్సిన నక్షత్ర గుర్తు ప్రశ్న ఒక్కటి వేయడానికి వీళ్లకు ఏం అడ్డొచ్చింది? తమ ఆఫీసుల్లో ఊరికే పని చేయించుకుంటున్న ఎంపీలెవరైనా ఉంటే ముందు వాళ్లకు జీతం ఇచ్చి ఆ తర్వాతే మైకు పట్టుకోండి, లేదంటే మంత్రి జవాబు చెప్పక్కర్లేదు, నవ్వితే చాలు. ఆ పని చేసినవాళ్లు అనుబంధ ప్రశ్నగా ఇంకొకటి కూడా అడగండి: మంత్రిగారూ, మీరిప్పుడు చదివిన ఈ జవాబుకు అంకెలు ఏరిపెట్టిన ఇంటర్న్‌కు ఎంత ఇచ్చారు?