“కొన్న గేమ్ మనది కాదట, కాబట్టి క్రాక్ తప్పు కాదట”: ఒక ఫార్వర్డ్‌కు జవాబు

హైదరాబాద్ గేమింగ్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి నాలుగు ముక్కలు. డిజిటల్‌గా కొన్నదంతా ఉత్త అద్దె, స్టోర్‌లోంచి తీసేస్తే మన దగ్గర్నుంచీ పోతుంది. డిస్క్ కొంటే జీవితాంతం మనదే. ఇండియాలో దీనికి చట్టమే లేదు. కాబట్టి గేమ్‌కు ఉన్న రక్షణ తాళాన్ని పగలగొట్టిన కాపీ, అదే క్రాక్, వేసుకుంటే తప్పేం లేదు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఈ మాటలు నమ్మి నడిస్తే నష్టపోయేది డబ్బు పెట్టి కొన్నవాళ్లే.

మనకు దక్కేది లైసెన్స్, అంటే ఆడుకోవడానికి అనుమతి, అన్నంతవరకు నిజం. 2024 అక్టోబర్ నుంచి పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ ఆ సంగతి కార్ట్‌లోనే రాసి చూపిస్తోంది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన కాలిఫోర్నియా చట్టం ఏబీ 2426 కూడా ఇది లైసెన్సే అని చెప్పి అమ్మమంటుందే గానీ యాజమాన్యం ఇప్పించదు. అయితే స్టోర్‌లో అమ్మకం ఆపడం వేరు, సర్వర్ ఆపడం వేరు, అకౌంట్ లాక్ అవడం వేరు. ఫార్వర్డ్ ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసింది. ఫోర్జా హొరైజన్ 4 అమ్మకం 2024 డిసెంబర్ 15న ఆగింది, అప్పటికే కొన్నవాళ్లు డౌన్‌లోడ్ చేసుకుని ఆడుకోవచ్చు. అలన్ వేక్ గేమ్ అందులోని పాటల హక్కులు ముగిసి 2017లో స్టోర్‌లోంచి పోయి, 2018లో తిరిగొచ్చింది. ఆ మధ్యకాలంలోనూ కొన్నవాళ్ల లైబ్రరీలోనే ఉంది.

అసలు దెబ్బ సర్వర్ దగ్గర. 2014లో వచ్చిన కార్ రేసింగ్ గేమ్ ది క్రూ సర్వర్లను దాని కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒక్కరే ఆడుకునే కథకు కూడా సర్వర్ కావాల్సిందే కాబట్టి గేమ్ మొత్తం పోయింది. ఆ తర్వాత లైసెన్సులు కూడా వెనక్కి లాక్కున్నారు. ఇది అన్యాయం. “స్టాప్ కిల్లింగ్ గేమ్స్” ఉద్యమం పుట్టింది ఇందుకే.

ఇక డిస్క్. ది క్రూ డిస్క్ చేతిలో ఉన్నవాళ్లకూ గేమ్ పోయింది. పీసీ గేమ్ బాక్సుల్లో చాలావాటిలో ఉండేది కోడ్ కాగితమే. నింటెండో కన్సోల్ స్విచ్ 2కి వచ్చే గేమ్ కీ కార్డుల్లో గేమ్ డేటా ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ పీఎస్5 డిస్క్ కొంటే ఒక పరీక్ష పెట్టండి. కన్సోల్‌లో నెట్ ఆపేసి, డిస్క్ పెట్టి ఇన్‌స్టాల్ చేయండి. మెనూ దాటి మొదటి మిషన్ ఆడనిస్తే ఆ డిస్క్‌లో ఆడదగ్గ గేమ్ ఉన్నట్టే. “అప్‌డేట్ కావాలి” అని ఆగిపోతే మీరు కొన్నది తాళంచెవి మాత్రమే. డిస్క్‌కు కచ్చితంగా ఉన్న లాభం తిరిగి అమ్ముకోగలగడం. డిజిటల్ కాపీకి ఆ హక్కు ఉందని 2019లో పారిస్ కోర్టు స్టీమ్ నడిపే వాల్వ్‌కు వ్యతిరేకంగా చెప్పింది, 2022లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

డిజిటల్‌లోనే గట్టిగా నిలిచేది గాగ్ (జీఓజీ) అనే స్టోర్ ఇచ్చే, నెట్ లేకున్నా పనిచేసే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్. పెద్ద గేమ్ అయితే ఒక సెటప్ ఫైలు, దాంతోపాటు ఒక్కోటి 4 జీబీ వరకు ఉండే బిన్ (గేమ్ డేటా) ఫైళ్లు వస్తాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ఒక్కటి తగ్గినా ఇన్‌స్టాల్ మధ్యలో ఆగుతుంది. దించిన ఇన్‌స్టాలర్ తనంతట తాను అప్‌డేట్ కాదు, ప్యాచ్ వచ్చాక మళ్లీ దించుకోవాలి. స్టీమ్ గేమ్ అయితే స్టీమ్‌ను పూర్తిగా మూసేసి, స్టీమ్‌యాప్స్‌లోని కామన్ ఫోల్డర్‌కు వెళ్లి గేమ్‌ను తెరిచే ఈఎక్స్ఈ ఫైలును నేరుగా నొక్కండి. స్టీమ్ తెరుచుకోకుండా గేమ్ నడిస్తే ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే చాలు. స్టీమ్ సొంత బ్యాకప్ ఇందుకు పనికిరాదు, దాన్ని తెరవడానికి మళ్లీ స్టీమే కావాలి. కొనేముందు స్టోర్ పేజీ కుడివైపు చూడండి, డెనువో లాంటి డీఆర్ఎం (కాపీ కాకుండా వేసే తాళం) ఉంటే అక్కడ రాసి ఉంటుంది.

క్రాక్ ఈ సమస్యను తీర్చదు. ది క్రూ లాంటి గేమ్‌లో సర్వర్ కోడ్ అసలు మన మెషీన్‌లోకే రాదు, తాళం పగలగొట్టినా లోపల ఏమీ ఉండదు. అభిమానులు సర్వర్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌ను సొంతంగా రాసుకోవాల్సి వచ్చింది. పైగా మన దేశ కాపీరైట్ చట్టం సెక్షన్ 65ఎ ప్రకారం హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. న్యాయంగా పొందిన ప్రోగ్రామ్‌కు నష్టం రాకుండా బ్యాకప్ కాపీ తీసుకోవడాన్ని మాత్రం అదే చట్టంలోని సెక్షన్ 52 అనుమతిస్తుంది.

“చట్టమే లేదు” అన్న మాట అన్నిటికన్నా చేటు, దాన్ని నమ్మినవాళ్లు ఫిర్యాదే పెట్టరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ-కామర్స్ నిర్వచనంలో డిజిటల్ ఉత్పత్తులను పేరు పెట్టి మరీ చేర్చింది. తగిన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే షరతు అన్యాయమైన ఒప్పందం కిందికి వస్తుందని సెక్షన్ 2(46) చెబుతోంది. అలా షరతునే సవాలు చేయాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, జిల్లా కమిషన్‌కు ఆ పరిధి లేదు. సేవాలోపమని డబ్బు వాపసు అడిగేదైతే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల రూపాయల వరకు ఫీజు లేదు. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (గొడవను కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలనే) షరతు ఉన్నా అది వినియోగదారుల కేసుకు అడ్డుకాదు.

గెలుపు ఖాయమని కాదు. విదేశీ కంపెనీ మీద ఆర్డర్ అమలు చేయించడం కష్టం. అందుకే బిల్లు మీద ఇండియాలోని అమ్మకందారు పేరు ఉంటే వాళ్లనూ ప్రతివాదిగా చేర్చండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తేలకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో కేసు వేయండి. బిల్లు మెయిల్, యూపీఐ రిఫరెన్స్ నంబర్, తేదీ కనపడే ఎర్రర్ స్క్రీన్‌షాట్, సపోర్ట్ టికెట్ నంబర్ దగ్గర ఉండాలి. గడువు రెండేళ్లు. అది గేమ్ కొన్న రోజు నుంచి కాదు, మీ వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి లెక్క.