సవరణ: ‘ది సిగ్నల్‌మ్యాన్’ కథలో సొరంగం ఎక్కడిది?

విక్టోరియన్ (19వ శతాబ్దపు ఇంగ్లిష్) దెయ్యం కథల మీద పెట్టిన గత పోస్టులో, ఇంగ్లిష్ రచయిత డికెన్స్ రాసిన ‘ది సిగ్నల్‌మ్యాన్’ (1866)కి 1865లో ఇంగ్లండ్‌లో జరిగిన స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదమే మూలమని ఉంది. రైలు సొరంగం పక్కన సిగ్నళ్లు చూసే ఉద్యోగికి, ప్రమాదాల ముందు ఓ దెయ్యం కనిపించే కథ ఇది. నేను చెప్పిన మూలం సగం మాటే. ఆ రైల్లో డికెన్స్ ఉన్నమాట నిజం, 10 మంది పోయారు కూడా. కానీ అక్కడ సొరంగం లేదు. మరమ్మతు కోసం పట్టాలు తీసేసిన వంతెన మీంచి బోగీలు పడ్డాయి. సొరంగంలో రైళ్లు గుద్దుకున్నది 1861లో, ఇంగ్లండ్‌లోనే క్లేటన్ దగ్గర. సిగ్నల్ దగ్గర తికమక, టెలిగ్రాఫ్ మాటల్లో అపార్థం, 23 మంది మృతి. కథలోని ప్రమాదానికి ఇదే దగ్గర.

ఇంకోటి. ‘దెయ్యం మనుషుల్ని చంపుతుంది’ అన్న వాక్యం ఆ పోస్టులోంచి తీసేశాను. కథలో దెయ్యం ఎవర్నీ ముట్టుకోదు. ఎర్రదీపం దగ్గర నిలబడి చెయ్యి ఊపుతుందంతే, తర్వాత ఏదో ఒకటి జరుగుతుంది. అసలు భయం సిగ్నల్‌మ్యాన్ టెన్షన్‌లో ఉంది. ‘డేంజర్’ అని టెలిగ్రాఫ్ కొడితే ‘ఏం డేంజర్? ఎక్కడ?’ అని పైవాళ్లు అడుగుతారు. చెప్పడానికి ఏమీ ఉండదు, పిచ్చివాడని ఉద్యోగం పీకేస్తారు. నాకైతే దెయ్యం కంటే ఈ నౌకరీ బాధే ఎక్కువ వణుకు పుట్టించింది.